అరవై మూడు రోజుల లెక్క

2009 ఫిబ్రవరిలో, కార్ల కంపెనీలకు విడిభాగాలు సరఫరా చేసే ఒక సంస్థలో నేను చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఆ చలికాలంలో ఉద్యోగం పోవడం వింత కాదు, నిలబడడమే వింత. కాబట్టి ఆ వార్త మమ్మల్ని బాధపెట్టింది గానీ ఆశ్చర్యపరచలేదు. ఆశ్చర్యపరచింది రెండు వారాల తర్వాత పోస్టులో వచ్చిన కవరు. పాత కంపెనీ ద్వారా ఉన్న ఆరోగ్య బీమాను మరో 18 నెలల పాటు కొనసాగించుకునే హక్కు కోబ్రా అనే చట్టం కింద మాకు ఉందనీ, అందుకు నెలకు 1,140 డాలర్లు కట్టాలనీ అందులో ఉంది. ఉద్యోగంలో ఉన్నంత కాలం నా జీతంలోంచి ఆ పద్దు కింద పోయింది మూడు వందల లోపే. మిగిలినదంతా యజమాని కట్టేవాడని తెలుసు గానీ, ఆ మిగిలినది ఎంతో ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. కోబ్రా అంటే యజమాని వాటా, నా వాటా రెండూ కలిపి, పైన నిర్వహణ ఖర్చు కింద మరో 2 శాతం వేసి, జీతం ఆగిపోయిన మనిషి చేతిలో పెట్టే బిల్లు.

అప్పట్లో మిషిగన్‌లో నిరుద్యోగ భృతి గరిష్ఠంగా వారానికి 362 డాలర్లు. నెలకు లెక్కగడితే దాదాపు 1,570. అందులో 1,140 బీమాకే పోతే మిగిలేదాంతో అద్దె కూడా గడవదు. బీమా వదిలేద్దామా అంటే, మా ఆవిడకు మధుమేహం, రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. సొంతంగా పాలసీ కొనుక్కుందామని ఒక ఏజెంటుకు ఫోన్ చేస్తే, ఆయన మర్యాదగా రెండు ప్రశ్నలు అడిగి, మూడో ప్రశ్న అడగకుండానే ఆమెను చేర్చుకోవడం కుదరదన్నాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో మేమున్న ఇప్సిలాంటి పట్టణం మిషిగన్ 15వ కాంగ్రెస్ నియోజకవర్గంలో ఉండేది. మా ప్రతినిధి జాన్ డింగెల్. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాడిని కనుక ఆయనకు ఓటు వేసే అర్హత గానీ, వేయకుండా ఉండే స్వేచ్ఛ గానీ నాకు లేవు. అయినా 2009, 2010 సంవత్సరాల్లో ఆయన రెండు విషయాల మీద చేసిన వాదనను, అంటే మాంద్యం నుంచి బయటపడడానికి ప్రభుత్వం పెద్ద ఎత్తున ఖర్చు చేయాలన్నదీ, అదే సమయంలో ఆరోగ్య బీమా వ్యవస్థను సంస్కరించాలన్నదీ, నేను శ్రద్ధగా అనుసరించాను. మొదట్లో అవి రెండు వేర్వేరు వాదనలనుకున్నాను. ఇల్లు కాలిపోతుంటే నీళ్లు పోయడం మానేసి కొత్త ఇంటి నమూనా గీస్తున్నారేమిటని విసుక్కున్నాను కూడా. రెండూ ఒకే వాదన అన్న సంగతి పైన చెప్పిన కవరు తెరిచిన నాకే ఆలస్యంగా తెలిసిందంటే, తక్కిన వాళ్లకు తెలియకపోవడంలో తప్పు పట్టలేను.

డింగెల్ గురించి కొంత చెప్పాలి. ఆయన తండ్రి కూడా జాన్ డింగెలే, ఆయనా డెట్రాయిట్ ప్రాంతం నుంచే ప్రతినిధుల సభకు ఎన్నికైనవాడు. యవ్వనంలో క్షయ వ్యాధి బారినపడి బతికి బయటపడిన ఆ పెద్దాయన, 1943లో సెనేటర్లు రాబర్ట్ వాగ్నర్, జేమ్స్ ముర్రేలతో కలిసి దేశమంతటికీ ఆరోగ్య బీమా కల్పించే బిల్లు తెచ్చాడు. అది గట్టెక్కలేదు. ప్రభుత్వం వైద్యుణ్ణి తన ఉద్యోగిగా మార్చుకుంటోందన్న ప్రచారంతో వైద్యుల సంఘం దాన్ని గట్టిగా ఎదిరించింది. 1955లో తండ్రి చనిపోతే, 29 ఏళ్ల కొడుకు ఆ స్థానంలో గెలిచి, ప్రతి కొత్త కాంగ్రెస్ కొలువుదీరినప్పుడల్లా జాతీయ ఆరోగ్య బీమా బిల్లును మళ్లీ మళ్లీ ప్రవేశపెడుతూ వచ్చాడు. 1965లో వృద్ధులకు వైద్య బీమా ఇచ్చే మెడికేర్ బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గిన రోజున అధ్యక్ష పీఠంలో కూర్చుని సభ నడిపింది ఆయనే. 2009 నాటికి ఆయన వయసు 83 దగ్గర పడింది. ఆ ఫిబ్రవరిలోనే ప్రతినిధుల సభ చరిత్రలో అత్యధిక కాలం పనిచేసిన సభ్యుడయ్యాడు. ఇలాంటి మనిషి ఆరోగ్య సంస్కరణ గురించి మాట్లాడితే పితృభక్తి అని సరిపెట్టుకోవడం తేలిక. నేనూ కొంతకాలం అలాగే సరిపెట్టుకున్నాను.

ఆయన నియోజకవర్గం సంగతి మరచిపోవడం వల్ల చేసిన పొరపాటు అది. ఫోర్డ్ ప్రధాన కార్యాలయమున్న డియర్‌బోర్న్ ఆయన నియోజకవర్గమే. కార్ల పరిశ్రమను ఆయన ఎంతగా కాచుకునేవాడంటే, వాహనాల మైలేజీ ప్రమాణాలు పెంచే ప్రయత్నాలకు దశాబ్దాల పాటు అడ్డుపడ్డాడు. ఆ విషయంలో ఆయన చేసింది తన నియోజకవర్గానికి కూడా మేలు కాదని నా అభిప్రాయం. అయితే ఆ పరిశ్రమ పద్దుపుస్తకం ఆయనకు తెలిసినంతగా వాషింగ్టన్‌లో చాలామందికి తెలియదు. 2000ల నడిమి సంవత్సరాల్లో జనరల్ మోటార్స్ తన కార్మికులు, పదవీ విరమణ చేసినవారు, వారి కుటుంబాలు కలిపి దాదాపు 11 లక్షల మందికి వైద్య ఖర్చులు భరిస్తూ, అందుకు ఏటా 500 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించేది. అమ్మే ఒక్కో కారు మీద ఆ భారం సుమారు 1,500 డాలర్లు పడుతుందని కంపెనీయే చెప్పుకుంది. కారులో ఉక్కు కన్నా వైద్యానికే ఎక్కువ పెడుతున్నామన్న మాట ఆ రోజుల్లో డెట్రాయిట్‌లో నానుడిగా తిరిగింది. జపాన్ కంపెనీకీ, జర్మన్ కంపెనీకీ సొంత దేశంలో ఈ భారం ఈ రూపంలో లేదు. అక్కడ వైద్యం ఖర్చును సమాజమంతా పంచుకుంటుంది, ఇక్కడ కారు ధరలో కలిపి అమ్మాలి.

ఇలా ఎందుకు జరిగిందంటే, ఎవరూ కూర్చుని ఆలోచించి ఇలా నిర్ణయించలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, ధరలు పెరగకుండా ఉండేందుకు జీతాల పెంపుపై ప్రభుత్వం కట్టడి పెట్టింది. మనుషులు దొరకని ఆ రోజుల్లో, జీతం పెంచలేని యజమానులు బీమా ఇస్తామని ఆశ చూపించారు, దానికి ఆ కట్టడి వర్తించలేదు. ఆ తర్వాత, యజమాని కట్టే ప్రీమియం ఉద్యోగి ఆదాయం కిందకు రాదని 1954 పన్ను చట్టం ఖాయం చేసింది. యుద్ధం ముగిసింది, కట్టడి పోయింది, ఏర్పాటు మాత్రం ఉండిపోయింది. అలా అమెరికాలో ఉద్యోగానికీ బీమాకూ ముడి పడింది. పనులు దండిగా ఉన్నన్నాళ్లూ ఆ ముడి కనిపించదు. పనులు పోయినప్పుడు ఉద్యోగం, బీమా రెండూ ఒకే రోజు పోతాయి. జనాభా లెక్కల శాఖ అంచనా ప్రకారం 2008లో బీమా లేనివారు 4.63 కోట్ల మంది, 2009లో 5.07 కోట్లు. ఒక్క ఏడాదిలో నలభై లక్షలకు పైగా పెరిగారు. ఆ పెరుగుదలలో మేము లేకపోవడానికి కారణం ఫిబ్రవరి 17.

2009 ఫిబ్రవరి 17న డెన్వర్‌లో అధ్యక్షుడు ఒబామా ఆర్థిక పునరుద్ధరణ చట్టంపై సంతకం చేశాడు. అప్పటి అంచనా ప్రకారం మొత్తం 78,700 కోట్ల డాలర్లు. ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ కూడా దానికి ఓటేయలేదు. సెనేట్‌లో ముగ్గురు వేశారు. రోడ్లు, వంతెనలు, రైళ్లు అంటూ పత్రికల్లో ఫొటోలు వచ్చాయి గానీ, నా చేతికందింది మాత్రం అందులో ఒక మూలనున్న నిబంధన. ప్రమేయం లేకుండా ఉద్యోగం పోగొట్టుకున్నవారి కోబ్రా ప్రీమియంలో 65 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. మిగిలిన 35 శాతం మనం కడితే చాలు. మార్చి నుంచి మా 1,140 కాస్తా 399 అయింది. భృతి మీద వారానికి 25 డాలర్లు అదనంగా కలిశాయి. ఆ ఏడాది తీసుకున్న భృతిలో మొదటి 2,400 డాలర్లపై పన్ను లేదన్నారు. ఇవన్నీ చిన్న అంకెలే. అయితే ఆ నెలల్లో మా ఇంటి లెక్క ఆ చిన్న అంకెల మీదే నిలబడింది.

డింగెల్ లాంటి వారు చెప్పిన ఒక మాట ఇక్కడ నాకు సరిగ్గా అర్థమైంది. మాంద్యంలో ప్రభుత్వం పెట్టే ఖర్చుకు రెండు పరీక్షలున్నాయి: ఎంత త్వరగా చేరుతుంది, చేరినవాడు దాన్ని ఖర్చు పెడతాడా దాచుకుంటాడా. వంతెన కట్టాలంటే సర్వే, టెండరు, అనుమతులు కావాలి. డబ్బు మంజూరైన నాటికీ కూలీ చేతికి అందే నాటికీ మధ్య ఏడాది గడవవచ్చు. ఇప్పటికే నడుస్తున్న పథకం ద్వారా అయితే వచ్చే నెలలోనే చేరుతుంది. అందుకే ఆ చట్టంలో ఎక్కువ పనిచేసింది ఫొటోకు దొరకని భాగమేనని నా అభిప్రాయం. పేదల వైద్య పథకమైన మెడికెయిడ్‌ను కేంద్రం, రాష్ట్రం కలిసి భరిస్తాయి. మాంద్యం వచ్చినప్పుడు రాష్ట్రానికి పన్నుల రాబడి తగ్గుతుంది, అదే నెలలో మెడికెయిడ్ కోసం దరఖాస్తు చేసేవారు పెరుగుతారు. కేంద్రం అప్పు చేయగలదు. మిషిగన్ చేయలేదు, దాని రాజ్యాంగమే బడ్జెట్ సమతూకంగా ఉండాలంటుంది. కాబట్టి సరిగ్గా అవసరం పెరిగిన వేళ రాష్ట్రం కోత పెట్టక తప్పదు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. పునరుద్ధరణ చట్టం కేంద్రం వాటాను ప్రతి రాష్ట్రానికీ కనీసం 6.2 శాతం పాయింట్లు పెంచి, నిరుద్యోగం ఎక్కువున్న చోట ఇంకొంత కలిపింది. దేశం మొత్తం మీద ఆ పద్దు కింద పెట్టిన అంచనా 8,700 కోట్ల డాలర్లు. మిషిగన్‌లో 60 శాతం చుట్టూ ఉన్న కేంద్రం వాటా 70కి దగ్గరగా వచ్చింది.

అంత సాయం అందినా 2009 జూలైలో మా రాష్ట్రం మెడికెయిడ్‌లో పెద్దల దంతవైద్యానికి కోత పెట్టింది. సాయం అందకపోయి ఉంటే ఇంకేం కోసేవారో ఊహించుకోవచ్చు. అయితే ఊహించుకోమనడమే ఆ వాదనలోని బలహీనత. తీసేయని టీచరు, మూసేయని ఆసుపత్రి వార్డు, రద్దు కాని పథకం కంటికి కనిపించవు. విద్య, ఇతర సేవల కోసం రాష్ట్రాలకిచ్చిన 5,360 కోట్ల డాలర్ల నిధి వల్ల ఎన్ని బడులు నిలబడ్డాయో వాదించి ఒప్పించాలి తప్ప చూపించలేరు. పన్ను రాయితీ కథ ఇంకా విచిత్రం. ఒక్కో ఉద్యోగికి 400, దంపతులకు 800 డాలర్ల చొప్పున ఇచ్చిన రాయితీని చెక్కు రూపంలో కాకుండా జీతంలో కోసే పన్నును కొంచెం తగ్గించి ఇచ్చారు. చెక్కు ఇస్తే జనం బ్యాంకులో వేసుకుంటారు, జీతంలో కొద్దికొద్దిగా కలిపితే తెలియకుండా ఖర్చు పెడతారన్నది ఆర్థికవేత్తల లెక్క. ఆ లెక్క సరైనదే కావచ్చు. కానీ తమకు పన్ను తగ్గిందని చాలామందికి తెలియనే లేదు. ఉద్యోగంలో కొనసాగుతున్న నా స్నేహితుడు ఒకడు, పన్ను తగ్గలేదు పైగా పెంచారని ఆ వేసవిలో నాతో వాదించాడు. జీతం స్లిప్ తెప్పించి చూపించాల్సి వచ్చింది.

ఇంకో తప్పు చట్టం కన్నా ముందే జరిగింది. జనవరిలో కొత్త ప్రభుత్వ ఆర్థికవేత్తలు క్రిస్టినా రోమర్, జారెడ్ బెర్న్‌స్టీన్ ఒక నివేదిక విడుదల చేస్తూ, ఈ ఖర్చు పెడితే నిరుద్యోగం 8 శాతం దగ్గర ఆగుతుందనీ, పెట్టకపోతే 9 దాకా వెళుతుందనీ గ్రాఫు గీశారు. అక్టోబరు నాటికి అసలు నిరుద్యోగం 10 శాతానికి చేరింది. మిషిగన్‌లో 14 శాతం చుట్టూ ఉంది. నివేదిక రాసే సమయానికే ఆర్థిక వ్యవస్థ వాళ్లు అనుకున్న దానికన్నా బాగా లోతులో ఉందన్నది తర్వాత సవరించిన లెక్కల్లో తేలింది. అంటే మందు పనిచేయలేదనడం కన్నా జబ్బును తక్కువ అంచనా వేశారనడం న్యాయం. కానీ గ్రాఫు ఇచ్చింది వాళ్లే. ప్రతిపక్షం దాన్ని రెండేళ్లు ఊరేగించిందంటే తప్పు ప్రతిపక్షానిది కాదు. నా దృష్టిలో లోపం మొత్తం పెద్దదవడంలో లేదు, కూర్పులో ఉంది. రాయితీలు ఎన్నున్నా కనీసం ఇంత కట్టాల్సిందేననే ప్రత్యామ్నాయ కనీస పన్ను నుంచి మధ్యతరగతి పైవర్గాలను కాపాడేందుకు సుమారు 7,000 కోట్ల డాలర్లు అందులో కలిపారు. ఏటా ఎలాగూ చేసే సర్దుబాటు అది. దాన్ని ఉద్దీపన ఖాతాలో రాయడం లెక్క పెంచి చూపించడమే. బ్యాటరీల తయారీ కోసం ఆగస్టులో ప్రకటించిన 240 కోట్ల డాలర్లలో మా రాష్ట్రానికి 100 కోట్లకు పైగా వచ్చినప్పుడు ఊళ్లో పండగ చేసుకున్నారు. ఆ కర్మాగారాలు లేచే సరికి ఆ మాంద్యం ముగిసిపోతుందని అప్పుడెవరూ అనలేదు.

ఆ ఆగస్టులోనే ఆరోగ్య బిల్లు రగడ మొదలైంది. ప్రతినిధుల సభలో జూలైలో ప్రవేశపెట్టిన బిల్లు డింగెల్ పేరు మీదే ఉంది. అంతకుముందు నవంబరులో ఇంధన, వాణిజ్య కమిటీ అధ్యక్ష పదవిని హెన్రీ వాక్స్‌మన్‌కు కోల్పోయినా, ఆ బిల్లుకు ఆయన పేరే తగినదని సభ పెద్దలు భావించి ఉంటారు. మా పక్కనే ఉన్న రోములస్‌లో ఆగస్టు 6న ఆయన పెట్టిన సభలో జనం అరుపులతో ఆయన్ను మాట్లాడనివ్వలేదు. ఊతకర్ర మీద నిలబడి ఆయన జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తుంటే టీవీలో చూశాను. రోగి కోరితే అంత్యదశ వైద్యం గురించి డాక్టరుతో చేసే సంప్రదింపులకు మెడికేర్ రుసుము చెల్లిస్తుందనే 1233వ సెక్షన్, ఎవరు బతకాలో ప్రభుత్వ కమిటీ నిర్ణయిస్తుందన్న పుకారుగా మారి ఊరూరా తిరుగుతున్న వారం అది. అరిచినవాళ్లందరినీ మూర్ఖులనడం నాకిష్టం లేదు. సొంత జబ్బుతోనో బిడ్డ జబ్బుతోనో ఏళ్ల తరబడి బీమా కంపెనీలతో తగువులాడి అలసిన మనిషికి, ఉన్నది కూడా పోతుందేమోనన్న భయం నిజమైనదే.

డింగెల్ వాదనలో కరుణ కన్నా కూడికలు తీసివేతలే ఎక్కువన్న సంగతి ఆ అరుపుల్లో వినిపించలేదు. దాని సారం ఇది: బీమా లేనివాడికి వైద్యం అందడం లేదని కాదు, అందుతోంది, అత్యంత ఖరీదైన చోట, అత్యంత ఆలస్యంగా అందుతోంది. 1986 చట్టం ప్రకారం అత్యవసర విభాగానికి వచ్చిన ఎవరినైనా ఆసుపత్రి పరీక్షించి, పరిస్థితి నిలకడగా చేయాల్సిందే. మధుమేహానికి ఇన్సులిన్ కొనలేనివాడు స్పృహ తప్పి అంబులెన్సులో వస్తే వైద్యం చేస్తారు. ఆ బిల్లు అతను కట్టలేడు. ఆసుపత్రి దాన్ని బీమా ఉన్నవాళ్ల ధరల్లో కలుపుతుంది, కంపెనీ ప్రీమియంలో కలుపుతుంది, యజమాని జీతంలో తగ్గిస్తాడు. చివరికి ఆమోదం పొందిన చట్టంలోనే ఈ లెక్క రాసి ఉంది: 2008లో ఇలా వసూలు కాని వైద్య ఖర్చు 4,300 కోట్ల డాలర్లు, దాని వల్ల బీమా ఉన్న కుటుంబంపై సగటున ఏటా 1,000 డాలర్లకు పైగా భారం. ఆ వెయ్యి అంకె మీద ఆర్థికవేత్తలు తర్వాత గట్టిగానే తగువులాడుకున్నారు. భారం ఉన్నదన్నది ఎక్కువమంది ఒప్పుకున్నారు, అంత ఉన్నదన్నది ఒప్పుకోలేదు. ఏదేమైనా, అందరికీ బీమా ఇస్తే కొత్త ఖర్చు పుడుతుందన్న వాదనకు, ఆ ఖర్చు ఇప్పటికే ఉంది, దానికి రసీదు మాత్రమే లేదన్న జవాబు నాకు బలంగా తోచింది. ఆ ఏడాది యజమాని ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం 13,375 డాలర్లు. అందులో ఉద్యోగి కట్టేది 3,515. మిగిలిన దాదాపు పది వేలు యజమాని దయ అని నేనూ అనుకునేవాణ్ణి, కోబ్రా కవరు వచ్చే దాకా. అది నాకు రావలసిన జీతమే, వేరే పేరుతో.

బిల్లు 2009 నవంబరు 7న ప్రతినిధుల సభలో 220–215 తేడాతో నెగ్గింది. సెనేట్ వేరే బిల్లును క్రిస్మస్ ముందు రోజు ఆమోదించింది. జనవరిలో మసాచుసెట్స్ ఉప ఎన్నికలో స్కాట్ బ్రౌన్ గెలవడంతో సెనేట్‌లో చర్చను సాగదీసి బిల్లును ఆపే ఎత్తును దాటేందుకు డెమొక్రాట్లకు కావలసిన 60 ఓట్ల బలం పోయి, ప్రతినిధుల సభ సెనేట్ బిల్లునే యథాతథంగా మింగవలసి వచ్చింది. ప్రభుత్వమే నడిపే బీమా కంపెనీ అన్న ప్రతిపాదన అందులో లేదు. డింగెల్ తండ్రి కోరింది అందరికీ ఒకే జాతీయ బీమా. కొడుకు దశాబ్దాల పాటు ప్రవేశపెట్టిందీ అలాంటిదే. చివరకు ఆయన ఓటు వేసింది ప్రైవేటు కంపెనీల నుంచే పాలసీ కొనమని ప్రజలను ఆదేశించి, కొనలేనివారికి సబ్సిడీ ఇచ్చే చట్టానికి. 2010 మార్చి 21న ఓటింగు జరిగిన రాత్రి, 1965లో మెడికేర్ రోజున తాను వాడిన కొయ్య సుత్తిని ఆయన స్పీకర్ నాన్సీ పెలోసీకి ఇచ్చాడు. 219–212తో బిల్లు నెగ్గింది. సుత్తి ఫొటో అన్ని పత్రికల్లో వచ్చింది. 67 ఏళ్ల నిరీక్షణలో ఆ కుటుంబం ఎంత వదులుకుందన్నది ఎవరూ పెద్దగా రాయలేదు. సగం రొట్టె అయినా తీసుకోవాలన్న ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. ఆ రోజు కాదంటే ఇంకో ఇరవై ఏళ్లు ఆగాల్సి వచ్చేదని నమ్ముతున్నాను.

ఈ చట్టాన్ని ఆర్థిక పునరుద్ధరణలో భాగంగా చెప్పిన వాదనకు మాత్రం ఒక పెద్ద చిల్లు ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. ముఖ్యమైన ప్రయోజనాలు అమలులోకి వచ్చేది 2014లో. 2009 మాంద్యానికి 2014లో మందు వేస్తామనడం హాస్యాస్పదం. పదేళ్లలో బీమా విస్తరణకు 93,800 కోట్ల డాలర్లు ఖర్చయినా, పన్నులు, మెడికేర్ పొదుపుల వల్ల లోటు 14,300 కోట్లు తగ్గుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. అయితే ఆ పదేళ్లలో మొదటి నాలుగేళ్లు ఖర్చు దాదాపు లేదు గనుక లెక్క అందంగా కనిపించిందన్న విమర్శలో నిజముంది. ఇక, మీ ప్లాన్ మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చన్న అధ్యక్షుడి హామీ 2013లో లక్షల మందికి రద్దు లేఖలు వెళ్లినప్పుడు ఏమైందో అందరికీ తెలుసు. సంస్కరణ కోరినవాళ్లు తమ వాదన బలంగా ఉన్న చోట వదిలి, బలహీనంగా ఉన్న చోట అతిగా మాట ఇచ్చారు.

వాదన బలంగా ఉన్న చోటు ఏదంటే, అప్పటి మాంద్యం గురించి కాదు, ఆ తర్వాత వచ్చే మాంద్యం గురించి. అది 2020లో వచ్చింది. డింగెల్ అప్పటికి లేడు. 2019 ఫిబ్రవరిలో, 92 ఏళ్ల వయసులో పోయాడు. ఆ స్థానంలోకి 2015లో ఆయన భార్య డెబ్బీ డింగెల్ వచ్చారు. కోవిడ్ మొదటి నెలల్లో మిషిగన్ నిరుద్యోగం 20 శాతం దాటింది, 2009 కన్నా ఎక్కువ. కానీ ఈసారి, 2010 ఆరోగ్య చట్టం తెచ్చిన, రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్నైడర్ సంతకంతో 2014 ఏప్రిల్‌లో మా దగ్గర మొదలైన మెడికెయిడ్ విస్తరణ ఉంది. సుప్రీంకోర్టు 2012లో ఆ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేశాక, మా రాష్ట్రం ఎంచుకున్న దారి అది. ఉద్యోగం పోయినవాళ్లు అందులో చేరారు, లేదా సబ్సిడీతో పాలసీ కొన్నారు. దేశంలో బీమా లేనివారి శాతం 2009లో లాగా ఎగబాకలేదు. ఈసారి కోబ్రాకు 65 శాతం ఇవ్వాలా వద్దా అని మార్చిలోనే రాత్రికి రాత్రి చట్టం చేయాల్సిన అగత్యం లేకపోయింది. ఇంట్లో అంతా క్షేమంగా ఉన్న రోజున కట్టుకున్న కాలువలోకే వరద నీరు పోయింది.

మా కథ 2010 వసంతంతో ముగిసింది. ఏప్రిల్‌లో నాకు కొత్త ఉద్యోగం దొరికింది. మే 1 నుంచి కొత్త బీమా. చేరిన రోజున మానవ వనరుల విభాగం ఉద్యోగిని ఒక పత్రం తెమ్మంది. పాత బీమా ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో తెలిపే ధ్రువపత్రం. ఎందుకని అడిగాను. 1996 చట్టం ప్రకారం, ముందే ఉన్న జబ్బుకు కొత్త కంపెనీ బీమా 12 నెలల దాకా చెల్లించకుండా ఉండవచ్చు. అయితే అంతకుముందు ఎన్ని నెలలు బీమా ఉంటే అన్ని నెలలు ఆ పన్నెండులోంచి తగ్గించాలి. ఒక్కటే షరతు: మధ్యలో 63 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఖాళీ ఉండకూడదు. 63 రోజులు ఖాళీ ఉంటే పాతదంతా గాలికి పోతుంది, మళ్లీ మొదటి నుంచి లెక్క. మా ఆవిడ ఇన్సులిన్ ఏడాది పాటు మా జేబు లోంచే వచ్చేది.

మా మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. నెలకు 399 డాలర్ల చొప్పున 14 నెలలు. ఆమె కాగితం చూసి, తేదీలు కంప్యూటర్‌లో ఎక్కించి, సరిపోయిందంది. పెద్దలకు కూడా ముందే ఉన్న జబ్బు పేరుతో బీమా నిరాకరించరాదన్న నిబంధన 2014 జనవరి 1న వచ్చింది; ఆ ఏడాది ముగిసే సరికి ఆ ధ్రువపత్రాలు ఇవ్వాల్సిన అవసరమే లేకుండా పోయింది. మొన్న పాత ఫైళ్లు సర్దుతుంటే మాది కనిపించింది. మా ఆవిడ దాన్ని చూసి ఇదేమిటని అడిగింది. చెప్పాను. దాన్ని తిరిగి ఫైల్లోనే పెట్టమంది.